దగ్గు ఒక్కరిది, గాలి అందరిది: శ్వాసకోశ అంటువ్యాధుల బరువు ఎవరి మీద పడుతోంది?

వేకువ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఊపిరితిత్తులకు సోకే అంటువ్యాధుల గురించి ఇక్కడ ఇంతకుముందు జరిగిన చర్చలు చాలావరకు ఏదో ఒక మందు దగ్గరో, టీకా దగ్గరో మొదలై అక్కడే ముగిశాయి. నేను అడగదలచుకున్నది కొంచెం వేరు. ఒకే సూక్ష్మజీవి ఒకే వయసున్న ఇద్దరికి సోకినప్పుడు, ఒకరు వారం రోజులు ఇంటిపట్టున ఉండి కోలుకుంటారు. మరొకరు జ్వరంతోనే పనిలోకి వెళ్లి, ఇంట్లో ముసలివారికి అంటించి, చివరికి ఉద్యోగాన్నో ఊపిరితిత్తుల బలాన్నో పోగొట్టుకుంటారు. ఈ తేడాలో రోగం పాలు ఎంత, మనం చేసుకున్న ఏర్పాట్ల పాలు ఎంత? వైద్యం తెలిసినవారూ, చరిత్ర చదివినవారూ, రోగం అనుభవించినవారూ తమ తమ వైపు నుంచి చెబితే బాగుంటుంది. తోచిన మాట కాకుండా తెలిసిన మాట రాయవలసిందిగా ముందే మనవి చేస్తున్నాను.

నాడి (ఛాతీ వైద్యం)

వేకువ గారి ప్రశ్నకు నేను శరీరం వైపు నుంచి మొదలుపెడతాను. ముక్కు, గొంతు వరకే ఆగిపోయే జలుబుకూ, ఊపిరితిత్తుల అడుగుకు దిగిన న్యుమోనియాకూ మధ్య చాలా దూరం ఉంది. ఊపిరితిత్తుల చివర కోట్ల సంఖ్యలో ఉండే చిన్న చిన్న గాలిగదుల పలుచని గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది. ఆ గదుల్లో గాలి ఉండవలసిన చోట చీము, నీరు నిండితే మనిషి ఎంత గట్టిగా పీల్చినా రక్తానికి అందేది తక్కువే. కోవిడ్-19 కాలంలో కొందరు ఆయాసమే తెలియకుండా మామూలుగా మాట్లాడుతుండగానే వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె పడిపోవడం చూసి మాలో అనుభవజ్ఞులు కూడా తెల్లబోయారు.

రోగం ఊపిరితిత్తులతో ఆగదన్నది రెండో సంగతి. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకంటే ఆరు రెట్లు పెరిగినట్లు కెనడాలోని ఒంటారియోలో జరిగిన పరిశీలన 2018లో చూపించింది. కాబట్టి ఫ్లూ కాలంలో గుండెజబ్బుతో చనిపోయినట్లు నమోదైన ప్రతి మరణంలోనూ గుండె ఒక్కటే కారణమని అనుకోవడానికి లేదు. తట్టు సంగతి మరీ విచిత్రం. శరీరం అంతకుముందు సంపాదించుకున్న రోగనిరోధక జ్ఞాపకాన్నే ఆ వైరస్ చెరిపేస్తుంది. టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తరువాతా పోల్చి చూసి 2019లో ప్రచురించిన ఫలితాల్లో, ఇతర రోగాల మీద వారికున్న ప్రతిరక్షకాల్లో (యాంటీబాడీల్లో) 11 శాతం నుంచి 73 శాతం వరకు మాయమైనట్లు తేలింది. ఒంటి మీద దద్దుర్లు వారంలో పోతాయి. ఆ తరువాత నెలల తరబడి బిడ్డకు న్యుమోనియా, చెవిపోటు, విరేచనాలు ఎందుకు వస్తున్నాయో తల్లిదండ్రులకు అర్థం కాదు.

ఇక పసిపిల్లల న్యుమోనియా. ఐదేళ్లలోపు పిల్లలను చంపే అంటురోగాల్లో ఇదే మొదటిది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 7.4 లక్షల మంది పిల్లలు దీనివల్ల చనిపోయారు. గుర్తించడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండని శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వారికి 40 లేదా ఆ పైన ఉంటే అది వేగమైన శ్వాస కిందే లెక్క. గాలి పీల్చినప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, లెక్క పూర్తయ్యే దాకా కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సగం నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించడం మా విద్యార్థులకున్న చెడ్డ అలవాటు. పసివారి శ్వాస ఒకే వేగంతో సాగదు కనుక ఆ లెక్క తప్పుతుంది.

గాలిమర (భవనాల గాలి ఏర్పాట్లు చూసే ఇంజినీరు)

సూక్ష్మజీవి ఒంటి లోపలికి వెళ్లిన తరువాత జరిగేది నాడి గారు చెప్పారు. లోపలికి వెళ్లే ముందు అది ఎక్కడుందన్నది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న.

దగ్గినప్పుడు పడే పెద్ద తుంపరలు దగ్గరలోనే నేలకు రాలిపోతాయి. మాట్లాడినప్పుడూ, పాడినప్పుడూ, ఊరికే ఊపిరి వదిలినప్పుడూ వెలువడే అతి సన్నని తుంపరలు రాలవు. మూసిన గదిలో సిగరెట్టు పొగ ఎలా మూలమూలకూ పాకుతుందో అవీ అలాగే పాకుతాయి. 1930లలో అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ ఈ సంగతి ప్రతిపాదించారు. ఆయన శిష్యుడైన రిచర్డ్ రైలీ అమెరికాలోని బాల్టిమోర్‌లో దీన్ని నిరూపించిన తీరు ఇప్పటికీ చదవదగినది. క్షయ రోగులున్న వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పై అంతస్తులోని గదికి పంపి, ఆ గాలి తప్ప రోగులతో మరే సంబంధమూ లేని గినీ పందులను అక్కడ ఉంచారు. నెలనెలా కొన్నింటికి క్షయ సోకింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాల మీదుగా పంపిన గదిలోని జంతువులకు సోకలేదు. అంటే రోగినీ రోగాన్నీ ముట్టుకోకుండానే, మధ్యలో ఉన్న గాలిని మాత్రమే శుభ్రం చేసి వ్యాప్తిని ఆపగలిగారు. ఇంత స్పష్టమైన ఫలితం చేతిలో ఉండి కూడా 2020లో ప్రపంచం నెలల తరబడి చేతులు కడుక్కోవడం, బల్లలు తుడవడం మీదే శ్రద్ధ పెట్టిందంటే, అది నా దృష్టిలో విజ్ఞానానికున్న లోటు కాదు, వినేవారి లోటు. ఆ ఏడాది మార్చిలో అమెరికాలోని స్కాజిట్ లోయలో ఒక గాయక బృందం సాధనకు 61 మంది హాజరైతే 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. అంతమందీ ఒకరి చేయి ఒకరు పట్టుకోవడం వల్ల అది జరగలేదు.

గదిలో గాలి ఎలా ఉందో కంటికి కనిపించదు కాబట్టి మేము కార్బన్ డయాక్సైడ్ కొలుస్తాం. బయటి గాలిలో అది పది లక్షల వంతుల్లో దాదాపు 420 వంతులు ఉంటుంది, మనిషి వదిలే ఊపిరిలో దాదాపు 40 వేల వంతులు. కిటికీలు మూసిన తరగతి గదిలో మీటరు 1,200 చూపిస్తే, అక్కడ పీల్చే గాలిలో రెండు శాతం అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చినదన్న మాట. యాభై శ్వాసలకు ఒక శ్వాస ఎంగిలిది. ఈ మాట చెప్పిన తరువాత కిటికీ తెరవడానికి లేవని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ప్రశ్నార్థకం

పెద్దలు చెప్పిన విజ్ఞానాన్ని కాదనను. ఒక అభ్యంతరం మాత్రం ఉంది. దగ్గూ జ్వరమూ మనిషి పుట్టిన నాటి నుంచీ ఉన్నవే. వాటిని ఆపాలన్న పేరుతో మనం చేసిన నష్టాన్ని ఎవరు లెక్క కడతారు? 2020లో బడులు మూసినప్పుడు ఒక దశలో ప్రపంచంలో 150 కోట్లకు పైగా విద్యార్థులు తరగతులకు దూరమయ్యారు. ఫోనూ నెట్టూ ఉన్న ఇళ్ల పిల్లలు కిందామీదా పడి నెట్టుకొచ్చారు, లేని ఇళ్ల పిల్లలు చదువే వదిలేశారు. ఇంకో లెక్క కూడా చూడండి. 2019లో కొత్తగా గుర్తించి నమోదు చేసిన క్షయ రోగులు 71 లక్షలైతే, 2020లో 58 లక్షలు. రోగం తగ్గలేదు, పరీక్షకు వచ్చేవారూ పరీక్ష చేసేవారూ తగ్గారు. ఒక దగ్గుకు భయపడి మరో దగ్గును ఇంట్లోనే మగ్గనిచ్చాం. భయం రోగాన్ని మించి నష్టం చేయదని మీరు ధైర్యంగా అనగలరా?

పాతపుటలు (ప్రజారోగ్య చరిత్ర విద్యార్థి)

ప్రశ్నార్థకం గారు చూపించిన నష్టాలు నిజమైనవి, వాటిని చిన్నచేయడం తగదు. కాకపోతే ఏమీ చేయకపోతే ఏమవుతుందో చెప్పే దృష్టాంతాలు కూడా చరిత్రలో ఉన్నాయి. 1918 శరదృతువులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఫ్లూ అప్పటికే అడుగుపెట్టిందని తెలిసి కూడా, యుద్ధ రుణపత్రాల అమ్మకం కోసం సెప్టెంబర్ 28న భారీ ఊరేగింపు జరిపారు. దాదాపు రెండు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి, శవపేటికలకు కరువొచ్చింది. సెయింట్ లూయిస్ నగరం రోగం కనబడిన తొలి రోజుల్లోనే బడులు, థియేటర్లు, సభలు ఆపేసింది. అక్కడ మరణాల ఉధృతి ఫిలడెల్ఫియాతో పోలిస్తే ఎంతో తక్కువగా ఉందని 2007లో పాత రికార్డులను తిరగేసిన పరిశోధకులు చూపించారు. రెండు నగరాల మధ్య తేడా ప్రధానంగా తొందరపడడంలో ఉంది. ఆలస్యంగా మూసిన నగరాల్లో మరణాల ఉధృతి ఎక్కువగా ఉంది.

1918 గురించి మరో సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్లూ మామూలుగా పసివారినీ ముసలివారినీ తీసుకుపోతుంది. ఆ ఏడు మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ల వారు అసాధారణమైన సంఖ్యలో పోయారు. సంపాదించే తండ్రి, పాలిచ్చే తల్లి ఒకే వారంలో పోయిన కుటుంబాలు అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. మరణాల్లో అధికభాగం వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లోకి వెనుకే చొరబడిన బాక్టీరియా న్యుమోనియా వల్ల జరిగినవని ఆనాడు భద్రపరచిన కణజాలాలను పరీక్షించి 2008లో నిర్ధారించారు. పెన్సిలిన్ అప్పటికింకా కనుగొనలేదు. మొత్తం మృతుల సంఖ్య ఐదు కోట్ల వరకు ఉంటుందన్న అంచనా ఉంది. యుద్ధంలో ఉన్న దేశాలు వార్తలను తొక్కిపెట్టగా, తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు మాత్రమే ఉన్నదున్నట్లు రాశాయి. నిజం చెప్పినందుకు ఆ దేశం పేరే రోగానికి అంటుకుంది. అంటువ్యాధికి ఒక దేశం పేరో, జాతి పేరో తగిలించడం అప్పటి నుంచి మానలేదు మనం.

మాస్కు చరిత్ర కూడా ఇక్కడ చెప్పదగినదే. 1910 చివర్లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినప్పుడు పినాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన ఊ లియెన్ తే అనే యువవైద్యుడు, ఇది ఎలుకల ద్వారా కాక మనిషి ఊపిరి ద్వారా వ్యాపిస్తోందని తేల్చి, గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కును అందరూ కట్టుకోవాలన్నాడు. వయసులోనూ పేరులోనూ పెద్దవాడైన మెనీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాటను తోసిపుచ్చి, మాస్కు లేకుండానే రోగులను పరీక్షించి, కొద్ది రోజుల్లో అదే రోగంతో మరణించాడు. 1911 వసంతానికల్లా వ్యాధి అణిగింది, అప్పటికి సుమారు 60 వేల మంది పోయారు.

నిర్వాహకులు

రెండు సందేశాలు తొలగించాం. ఫలానా దగ్గుకు ఫలానా యాంటీబయాటిక్ ఎన్ని పూటలు వేసుకోవాలో ఈ వేదికలో అడగరాదు, చెప్పరాదు. చర్చ కొనసాగించవచ్చు.

చిరుదివ్వె

నేను క్షయతో ఆరు నెలలు మందులు మింగి నయమైనవాడిని. ప్రశ్నార్థకం గారు భయం గురించి అడిగారు కనుక రాస్తున్నాను.

రోగం నన్ను పెట్టిన బాధ ఒకటైతే, నా గ్లాసు పెట్టిన బాధ మరొకటి. మా ఇంట్లో నాకో స్టీలు గ్లాసు, కంచం విడిగా ఉంచి, ఎవరూ పొరపాటున వాడకుండా గ్లాసు అంచుకు ఎర్ర దారం కట్టారు. అందులో ద్వేషం ఏమీ లేదు, తెలియనితనం ఉంది. క్షయ కంచాల వల్ల, గ్లాసుల వల్ల, బట్టల వల్ల అంటదు, గాలి ద్వారా అంటుతుంది. నా గదికున్న ఒకే ఒక్క కిటికీకి చలి గాలి కొట్టకుండా అట్టముక్క అడ్డంపెట్టిన వాళ్లు, గ్లాసుకు దారం కట్టారు. అంటే అక్కరలేని జాగ్రత్త అంతా తీసుకుని, అక్కరైన జాగ్రత్తను వదిలేశాం. మందులు మొదలుపెట్టిన తరువాత, రోగం మందులకు లొంగే రకమైతే, అంటించే శక్తి కొద్ది రోజుల్లోనే బాగా తగ్గడం మొదలవుతుందనీ, రెండు వారాలు గడిచాక సాధారణంగా భయపడవలసిన పని ఉండదనీ నాకు ఆరోగ్య కార్యకర్త చెప్పారు. దారం మాత్రం ఆరు నెలలూ ఉంది.

పనిచేసే చోట చెప్పకుండా దాచాను. దాచడానికి కారణం, చెప్పినవారికి అంతకుముందు ఏం జరిగిందో చూసి ఉండడమే. ఈ దాపరికమే రోగానికి కొమ్ముకాస్తుంది. దగ్గు మొదలైన నాటి నుంచి తెమడ పరీక్షకు వెళ్లే నాటి దాకా గడిచిన కాలమంతా నేను మూసిన గదిలో పదిమంది మధ్య పనిచేశాను. వెలివేస్తారన్న భయం లేకపోతే అంత కాలం గడిచేది కాదు.

నాడి

చిరుదివ్వె గారికి నమస్కారాలు. ఆయన మాటను సమర్థించే పరిశోధన ఒకటి మన దగ్గరే జరిగింది, లోకమంతటి వైద్య విధానాన్నీ మార్చింది. క్షయ రోగులను శానటోరియంలో, అంటే నెలల తరబడి ఉంచుకునే ప్రత్యేక ఆసుపత్రిలో, ఉంచితేనే నయమవుతుందని, ఇంట్లో ఉంచితే కుటుంబమంతా బలవుతుందని నమ్ముతున్న రోజుల్లో, 1956లో మద్రాసులో పేద రోగులను రెండు భాగాలు చేసి సగం మందిని శానటోరియంలో, సగం మందిని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో, సరిగా తిండి లేని ఇళ్లలో ఉన్నవారు కూడా శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. వారి కుటుంబసభ్యులకు అదనపు ప్రమాదమూ కనిపించలేదు, ఎందుకంటే అంటడమన్నది చాలావరకు మందులు మొదలవక ముందే జరిగిపోతుంది. రోగిని ఇంటికి, పనికి, సమాజానికి దూరం చేయకుండా వైద్యం చేయవచ్చని శాస్త్రం తేల్చి ఆరు దశాబ్దాలు దాటింది. గ్లాసులకు దారాలు ఇంకా విప్పలేదు.

రోగం నయమైన తరువాతి కథ కూడా ఉంది. మందులు పూర్తయి, తెమడలో సూక్ష్మజీవి లేదని రాసిచ్చిన తరువాత కూడా కొందరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు, వెడల్పయిన గాలిగొట్టాలు మిగిలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కాగితం మీద వారు నయమైనవారు. బరువు మోసే పనివాడికి ఆ మిగిలిన ఆయాసమే జీవనాధారాన్ని తీసేస్తుంది.

వేకువ

ఇక్కడే నా అసలు ప్రశ్నకు తిరిగి వస్తున్నాం. ఇంటి దగ్గర ఉండండి అని చెప్పడం సులువు. ఆ రోజు కూలి ఎవరిస్తారు అన్న ప్రశ్నకు జవాబు లేనంత కాలం ఆ సలహా సగం జనాభాకు వర్తించదు. క్షయ మందులు చాలా దేశాల్లో ఉచితమే అయినా, ప్రయాణాలు, పరీక్షలు, పోయిన కూలి కలిపితే, క్షయ సోకిన కుటుంబాల్లో దాదాపు సగం తమ ఏడాది ఆదాయంలో ఐదో వంతుకు మించి నష్టపోతున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేలు చెబుతున్నాయి. అమెరికాలో జీతంతో కూడిన అనారోగ్య సెలవును తప్పనిసరి చేసిన నగరాల్లో ఫ్లూ తరహా జ్వరాలు తగ్గినట్లు ఆర్థికవేత్తలు గమనించారు. మనం సెలవును ఉద్యోగికి చేసే ఉపకారంగా లెక్క వేస్తున్నాం. పక్క కుర్చీలో కూర్చునేవారికి అది టీకాలాంటి రక్షణ అని ఎవరూ ఆలోచించడం లేదు.

సేవ చేసేవారి మాట కూడా ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. ఇంట్లో జ్వరం వచ్చిన ప్రతిసారీ పని మానుకునేది, రోగి పక్కన గంటల తరబడి కూర్చునేది, ఆ గాలి ఎక్కువగా పీల్చేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే.

పాతపుటలు

వేకువ గారు చివరన అన్న మాటకు ఒక దృష్టాంతం. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే శ్వాసకోశ వైరస్ వ్యాధి వ్యాపించినప్పుడు మొత్తం 186 మందికి సోకి 38 మంది మరణించారు. అందులో 82 మందికి ఒకే ఒక రోగి నుంచి, ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో సోకింది. పడకలు చాలక రోగులు రోజుల తరబడి అక్కడే ఉండిపోవడం, సేవ చేయడానికి బంధువులు వెంట ఉండడం, పరామర్శకు వచ్చేవారు వచ్చిపోతుండడం దీనికి కారణాలుగా తేలాయి. సోకినవారిలో రోగులతో పాటు వారి వెంట వచ్చినవారు, వైద్య సిబ్బంది కూడా ఉన్నారు.

ప్రశ్నార్థకం

సెలవుల సంగతి ఒప్పుకుంటాను, అది నా వాదానికి విరుద్ధం కూడా కాదు. గాలిమర గారిని ఒకటి అడుగుతాను. మీ మీటర్లు, ఫిల్టర్లు, అతినీలలోహిత దీపాలు డబ్బున్న కార్యాలయాలకు సరిపోతాయి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి మీ శాస్త్రం ఏం చెబుతుంది? అక్కడ కిటికీ తెరిస్తే దోమలు, దుమ్ము, పొగ. తెరవకపోతే ఒకరి ఊపిరి ఒకరికి.

గాలిమర

న్యాయమైన ప్రశ్న. పూర్తి జవాబు ఇంజినీరు దగ్గర లేదు, ఇళ్లు కట్టే విధానం దగ్గర ఉంది. అయితే ఖరీదైనదే మెరుగైనదన్న అభిప్రాయం మాత్రం సరికాదు. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ప్రచురించిన ఫలితాలు చూడండి. తలుపులు, కిటికీలు పూర్తిగా తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే ప్రత్యేక ఐసోలేషన్ గదులకు నిర్దేశించిన ప్రమాణం గంటకు 12 సార్లు మాత్రమే. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డుల్లో ఆ అంకె 40 దాకా వెళ్లగా, కొత్త కట్టడాల్లో 17 దగ్గర ఆగింది. క్షయకు మందు లేని రోజుల్లో కట్టినవారికి గాలి విలువ తెలుసు. మందులు వచ్చాక మనం పైకప్పులు దించుకుని, కిటికీలు కుదించుకుని, ఏసీలు బిగించుకున్నాం. గోడకు బిగించే మామూలు ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే తప్ప, బయటి గాలిని తీసుకురాదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆరుగురున్న గదికి నేను చెప్పగలిగింది ఇదే: ఒకే గోడలో రెండు కిటికీలు ఉండడం కంటే ఎదురెదురు గోడల్లో చిన్న రంధ్రాలైనా ఉండడం మేలు. దగ్గుతున్నవారు గాలి బయటికి పోయే వైపు పడుకోవాలి. దోమతెర కిటికీకి బిగిస్తే కొంత గాలి తగ్గుతుంది, మంచానికి కడితే తగ్గదు. ఇంతకుమించి మాటలు చెప్పి పేదవారిని ఊరించడం నాకు ఇష్టం లేదు. బాత్రూం గొట్టాల సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. 2003లో సార్స్ అనే శ్వాసకోశ వైరస్ వ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో మూడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. నీరు ఎండిపోయిన నేల జాలీల గుండా మురుగు గొట్టాల్లోని కలుషిత గాలి ఇళ్లలోకి రావడం అందుకు దోహదం చేసిందని దర్యాప్తులో తేలింది. వాడని బాత్రూంలో వారానికోసారి చెంబెడు నీళ్లు పోయడానికి ఖర్చేమీ లేదు.

నాడి

మాస్కులు, దూరం, సెలవులు నిజంగా పనిచేశాయా అన్న సందేహం ఇంకా ఎవరికైనా ఉంటే ఒక సాక్ష్యం చెబుతాను. కోవిడ్ కోసం తీసుకున్న జాగ్రత్తలకు 2020–21లో ఫ్లూ ప్రపంచమంతటా దాదాపు కనిపించకుండా పోయింది. బి-యమగాటా అనే ఫ్లూ వైరస్ వంశమైతే 2020 మార్చి తరువాత ఎక్కడా నిర్ధారణ కాలేదు. అందుకే దాన్ని టీకాలోంచి తీసివేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మందిని శ్వాస సంబంధమైన కారణాలతోనే చంపే ఫ్లూను మనం సహజమనుకుని ఊరుకుంటున్నాం. ప్రశ్నార్థకం గారు మొదట అన్న "పుట్టిన నాటి నుంచీ ఉన్నవే" అన్న మాటకు నా అభ్యంతరం అందుకే. ఉన్నవే, కానీ అంత ఎక్కువగా ఉండవలసిన అవసరం లేదు. అలాగని మళ్లీ అన్నీ మూసేయమని నేను అనను. ఆ రెండింటి మధ్య చాలా చోటు ఉంది: తట్టుకు రెండు మోతాదుల టీకా 95 శాతం పిల్లలకు అందడం, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బాక్టీరియాకు టీకా, వృద్ధులకు ఫ్లూ టీకా, తిండి.

తిండిని ఊరికే చేర్చలేదు. 2023లో వెలువడిన ఝార్ఖండ్ పరిశోధనలో క్షయ రోగుల కుటుంబసభ్యులకు నెలనెలా అదనపు ఆహారం అందించగా, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గింది. ఇంత ఫలితాన్నిచ్చే కొత్త మాత్ర వచ్చి ఉంటే పత్రికలన్నీ మొదటి పేజీలో వేసేవి. వచ్చింది బియ్యం, పప్పు కావడంతో లోపలి పేజీల్లోకి పోయింది. 2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మంది క్షయ బారిన పడి, 12.5 లక్షల మంది చనిపోయారన్నది గుర్తుపెట్టుకుని ఆ ఫలితాన్ని చదవాలి. రాబర్ట్ కాక్ ఈ సూక్ష్మజీవిని 1882లోనే లోకానికి చూపించారు. మందులు ఉన్నాయి. మిగిలిందంతా చేర్చడంలోనే ఉంది.

నిర్వాహకులు తొలగించిన సందేశాల గురించి ఒక్క మాట. వైరస్ వల్ల వచ్చే జలుబుకు, ఫ్లూకు యాంటీబయాటిక్ పనిచేయదు. అవసరం లేనప్పుడు మింగిన ప్రతి మాత్రా, నిజంగా న్యుమోనియా వచ్చిన నాడు ఆ మందు పనిచేయకుండా పోయే రోజును దగ్గర చేస్తుంది, మింగినవారికే కాదు, పక్కవారికి కూడా.

కొత్తచిగురు (కొత్త సభ్యత్వం)

చర్చ మొత్తం చదివాను. మా అన్నయ్యకు పోయిన వారం క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టారు. పనిచేసే చోట చెప్పవద్దంటున్నాడు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఏం చేయాలో తోచడం లేదు.

చిరుదివ్వె

ధైర్యంగా ఉండండి. రోగం తేలి మందులు మొదలయ్యాయంటే ప్రమాదకరమైన భాగం చాలావరకు వెనుకపడినట్లే. పనిచేసే చోట రోగం పేరు చెప్పడమా మానడమా అన్నది మీ అన్నయ్య ఇష్టం, దాన్ని గౌరవించండి. అయితే డాక్టరు వెళ్లవచ్చని చెప్పేదాకా పనికి వెళ్లకుండా సెలవు చీటీ మాత్రం తీసుకోండి, దాని మీద రోగం పేరు లేకుండా రాసివ్వమని అడగవచ్చు. మందులు వేసుకున్న మొదటి నెలలోనే దగ్గు తగ్గి, ఆకలి పెరిగి, నయమైపోయిందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. చాలామంది మానేసేది అప్పుడే. ఆ సమయంలో ఇంట్లో ఎవరో ఒకరు రోజూ మాత్ర చేతిలో పెట్టి నీళ్లు అందించాలి. గ్లాసు ఏదైనా ఫరవాలేదు.

నాడి

పాప విషయంలో ఆలస్యం చేయవద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు క్షయ త్వరగా ముదిరి మెదడు పొరల దాకా వెళ్లే ప్రమాదం ఉంది కనుక, అన్నయ్యకు మందులు ఇస్తున్న కేంద్రంలోనే పాపను కూడా చూపించండి. రోగం లేదని తేలితే రాకుండా నివారించే మందులు ఇస్తారు. చిన్నప్పుడు బీసీజీ వేయించాం కదా అని ఆగవద్దు, ఆ టీకా తీవ్రమైన రూపాల నుంచి కొంత కాపాడుతుందే గానీ, ఇంట్లోనే రోగి ఉన్నప్పుడు దాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు. పాప బరువు రాసిపెట్టుకుని వెళ్లండి, అక్కడ మొదట అడిగేది అదే. ఇంట్లో ఇంకెవరికైనా రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వారినీ వెంట తీసుకువెళ్లండి.